చువ్వ దిగిన చోటు

నా చిన్ననాటి నేస్తం ఫాతిమా అద్దంకి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. ఒక చేతిలో నిమ్మకాయల సంచి, రెండో చంకలో పాత చీరముక్కలో చుట్టిన పొడవాటి వస్తువు. గుంటూరులో మా వీధి మలుపు దగ్గర ఆటో దిగి, దాన్ని ఎవరికీ తగలకుండా నిటారుగా పట్టుకుని నడిచి వస్తుంటే మేడ మీద నుంచి చూశాను. ఈ వయసులో ఏం మోసుకొస్తోందా అనుకున్నాను. లోపలికి వచ్చి చెప్పులు విప్పి, అన్నం తినే బల్ల మీద ఆ మూట పెట్టి, "విప్పు" అంది.

"ఏమిటే ఇది?"

"విప్పవే. నేను చెప్పేదేముంది, చూస్తే నీకే తెలిసిద్ది."

విప్పాను. ఇనుప చువ్వ. నా భుజం ఎత్తు ఉంటుంది, చిటికెన వేలంత లావు. ఒక కొస సూదిగా సాగదీసి ఉంది, రెండో కొసకు ఇత్తడి కడియం. ఆ కడియం చూడగానే నా చెయ్యి వెనక్కి వచ్చేసింది. ఫాతిమా కొడుక్కి అద్దంకిలో పాత ఇనుము కొట్టు ఉంది. మా చిన్నప్పటి పత్తి జిన్నింగు మిల్లు స్థలాన్ని ఎవరో కొని ప్లాట్లు వేస్తున్నారట. అక్కడి రేకులూ, కప్పీలూ, షాఫ్టులూ లారీకెత్తి వాళ్ళ కొట్లో దింపితే ఆ తుక్కులో ఇది బయటపడింది. "మావాడు కాటా మీదకి విసరబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపా. వాడికేం తెలుసు," అంది. ఆమె టీ తాగినంతసేపూ చువ్వ మా ఇద్దరి మధ్యా బల్ల మీదే ఉంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నిప్పుని కడుపులో పెట్టుకున్న యంత్రాల మధ్య తిరిగినదాన్ని, ఒక చువ్వని ముట్టుకోవడానికి భయపడ్డాను.

ఆ మరుసటి వారమే నేను ఒక సమీక్షకు వెళ్ళాల్సి ఉంది. రిటైరయ్యాక కూడా నన్ను పిలుస్తూ ఉంటారు. మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే ముందు ఆ నౌకని బయటివాళ్ళ కళ్ళతో ఒకసారి చూడాలని ఒక కమిటీ వేశారు. అందులో నేనొకదాన్ని. అక్కడ నా పని అడగడమే. ఈ మర ఎవరు బిగించారు, ఎందుకు సరిపోతుందనుకున్నారు, సరిపోకపోతే ఏమవుతుంది అని అడుగుతూ పోతాను. ఈవిడ వచ్చిన రోజున మధ్యాహ్నం భోజనం సాయంత్రానికే అని కుర్రాళ్ళు నా వెనక నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ. అనుమానం నాకు చదువుతో వచ్చిన గుణం కాదు. అంతకు చాలా ముందే, చింపిరి జుట్టుతో మిల్లు గేటు దగ్గర ఆడుకునే రోజుల్లో వచ్చింది.

మా నాన్న దేవదానం ఆ మిల్లులో ప్రెస్సు మేస్త్రి. గింజ తీసిన దూదిని పెట్టెలో పోసి, యంత్రంతో అదిమి, చుట్టూ గోనెపట్టా కప్పి ఇనుప పట్టీలు బిగిస్తే బేలు తయారవుతుంది. పత్తిలో ఎక్కడో ఒక గులకరాయో, మేకు ముక్కో వస్తుంది. అది రోలరు దగ్గర ఇనుముకి ఒరుసుకుని రవ్వ లేస్తుంది. మంట కనిపిస్తే ఎవరూ భయపడేవాళ్ళు కాదు. బకెట్లున్నాయి, ఇసుకుంది, కేకలేసుకుంటూ ఆర్పేసేవాళ్ళు. భయమంతా కనిపించని రవ్వతోనే. అది దూదిలో కూరుకుని ప్రెస్సులోకి పోయి బేలు నడుమ చిక్కుకుంటుంది. అక్కడ గాలాడదు కాబట్టి మండదు, అలాగని ఆరిపోదు. రోజుల తరబడి లోపల్లోపల తొలుచుకుంటూ తిరుగుతుంది. పైన చెయ్యి వేసి చూస్తే బేలు మామూలుగానే ఉంటుంది. దానికి ఆనుకుని కూర్చుని అన్నం తినొచ్చు. అదెప్పుడో అంచుకొచ్చి, గాలి తగిలిన క్షణాన బయటపడుతుంది. అప్పటికి పక్కనున్న బేళ్ళకి కూడా కాలం మూడినట్టే.

అందుకని మిల్లులో ఒక పద్ధతి ఉండేది. జిన్నులో రవ్వ లేచిన రోజున కట్టిన బేళ్ళన్నిటి మీదా సున్నంతో ఇంటూ గుర్తు గీసేవాళ్ళు. పిడుగురాళ్ళ నుంచి వచ్చిన సున్నం డబ్బాలో కలిపి ప్రెస్సు పక్కన ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఆ గుర్తున్న బేలుని గోడౌనులోకి రానిచ్చేవాళ్ళు కాదు. రోడ్డవతల ఉన్న ఖాళీ చేలో, దేనికది ఎడంఎడంగా, ఆకాశం కింద పడేసేవాళ్ళు. దాన్ని ఎడం చేను అనేవాళ్ళం. పిల్లలు అటు అడుగేస్తే వీపు చిట్లిపోయేది. కొన్నాళ్ళు గడిచాక నాన్న వెళ్ళి, ఒక్కో బేలు కడుపులోకి ఈ చువ్వ దించి, కాసేపు ఉంచి, మెల్లగా లాగి ముందు ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. తరవాత మణికట్టు లోపలి వైపు తాకించుకునేవాడు. కమురు వాసన వచ్చినా, ఇనుము వెచ్చబడినా లోపల నిప్పున్నట్టు. ఏమీ లేకపోతే "చల్లగా ఉంది" అనేవాడు. ఆ మాట అన్నాకనే సున్నం గుర్తు చెరిపేవాళ్ళు. నాన్న చల్లగా ఉందన్నాక దాని మీద ఇక అప్పీలు లేదు.

ఆ ముక్కు కోసం మా ఇల్లంతా నోరు కట్టుకునేది. పత్తి సీజను మొదలైందంటే మా అమ్మ కరుణమ్మ ఎండుమిరపకాయ తాలింపు మానేసేది. ఘాటు తగిలితే నాన్న ముక్కు మొద్దుబారుతుందని. చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి, గాలే కారమెక్కి, దారిన పోయే కుక్కలు కూడా తుమ్మే చోట మా ఇంట్లో మాత్రం చప్పటి పప్పు, జీలకర్ర వేసిన చారు. "ఏం కరుణమ్మా, మీ ఇంట్లో ఎవరన్నా పురిటాలుందా?" అని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. అమ్మ తలలో కూడా వాసన లేని కనకాంబరాలే పెట్టుకునేది. నాన్న బీడీ ఎరగడు, నశ్యం ఎరగడు. సీజను తొలిరోజు చువ్వని బూడిదతో తళతళలాడేలా తోమి, అమ్మనీ నన్నూ పక్కన నిలబెట్టుకుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవాడు. ఆ ప్రార్థనలో నాకు ఒక్క మాటే గుర్తుంది. "ప్రభువా, నా ముక్కుని కాపాడు." నాకు నవ్వొచ్చేది, అమ్మ గిల్లేది.

ఫాతిమా వాళ్ళ నాన్న మస్తాన్ మామ ఆ మిల్లులోనే ఫిట్టరు. వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ ఒకటే గోడ. చువ్వ చేతికి ఒరుసుకుంటోందని పాత బుష్షు కోసి ఇత్తడి కడియం బిగించింది ఆయనే. మధ్యాహ్నం అన్నానికి తరచూ మా ఇంట్లో కూర్చునేవాడు. లుంగీ మడతలో పండుమిరపకాయ పచ్చడి సీసా దాచుకుని వచ్చేవాడు. "చెల్లెమ్మా, నీ పప్పు కమ్మగానే ఉందిగానీ నా నాలిక్కి తెలవట్లేదు," అని అటు తిరిగి నంజుకుంటుంటే, నాన్న వాసన పట్టి, "ఒరేయ్ మస్తానూ, ఆ సీసా బయట పెట్టి రా!" అని అరిచేవాడు. మామ సీసాతో పాటు కంచం కూడా తీసుకుని అరుగు మీదకి వెళ్ళిపోయేవాడు. ఫాతిమా, నేను ఆయన వెంట పరిగెత్తేవాళ్ళం, ఆ పచ్చడి కోసం.

ఎడం చేను పద్ధతి ఒక్కరోజులో పోలేదు. అలా పోయుంటే ఎవరో ఒకరు అడ్డం పడేవాళ్ళు. ఒక ఏడు కాలంగాని కాలంలో వాన పడి, చేలో ఉన్న బేళ్ళు తడిసి నల్లబడ్డాయి. మిల్లు యజమాని చెడ్డవాడు కాదు. పనివాళ్ళ జబ్బులకీ పురుళ్ళకీ అడక్కుండా ఆదుకున్న మనిషి. ఆయనే స్వయంగా మా గడపలోకి వచ్చాడు.

"దేవదానం, అంత సరుకు బురదపాలైందయ్యా. ఆ చేలోనే పడెయ్యాలా? నువ్వొచ్చినాక ఇన్ని సీజన్లలో ఒక్క బేలన్నా అంటుకుందా?"

నాన్న ఆలోచించాడు. "లేదండి."

"మరి?"

ఆ చేను ఎందుకు పెట్టారో, ఏం చూసి పెట్టారో తెలిసిన పాత మేస్త్రి అప్పటికే పోయాడు. అమ్మ మాత్రం, "ఊరికే పెట్టి ఉండర్లే," అంది. "నా చువ్వ ఉంది గదే," అన్నాడు నాన్న. వాన రోజుల్లో మాత్రం మిల్లు ఆవరణలోని రేకుల షెడ్డులో పెట్టుకోవచ్చు అనుకున్నారు. ఏమీ కాలేదు. రోడ్డు దాటించడం హమాలీలకి దండగ పని కదా అని ఎండ రోజుల్లో కూడా షెడ్డులోనే పెట్టారు. ఏమీ కాలేదు. షెడ్డు పత్తిగింజలతో నిండిపోయిన ఏడాది సున్నం బేళ్ళు గోడౌను వసారాలోకి వచ్చాయి. వసారాలో కూర్చుని అన్నం తినడానికి చోటు లేదని కూలి ఆడవాళ్ళు గోల పెడితే, తలుపు పక్కన లోపలికి జరిపారు. ప్రతి మెట్టుకీ ఒక కారణం ఉంది, ప్రతి కారణమూ న్యాయమైనదే. అందరూ కలిసే ఒప్పుకున్నారు. సున్నం గుర్తు పెట్టడం మాత్రం మానలేదు. గుర్తు ఉంది కాబట్టి పద్ధతి కూడా ఉందనే అనుకున్నారు. ఇప్పుడు తలుచుకుంటే నేను మళ్ళీ మళ్ళీ ఆగేది అక్కడే. బేళ్ళు రోడ్డవతల నుంచి మనుషుల మధ్యకి నడిచి వచ్చాయి, ఒక్కరూ ఉలిక్కిపడలేదు.

ఆ రోజు వడగాలి. సీజను చివరికొచ్చింది. మస్తాన్ మామ విరిగిన రోలరుతో కుస్తీ పట్టి నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉన్నాడు. మా ఇంట్లో అన్నం తిన్నాడు, ఆ రోజు పచ్చడి సీసా కూడా తేలేదు. గోడౌను గోడలు మందం, లోపల చల్లగా ఉంటుంది. బేళ్ళ మీద ఒక కునుకు తియ్యడం ఆయనకి అలవాటు. చెయ్యి కడుక్కుంటూ అడిగాడు.

"బావా, తలుపు కాడ సున్నం బేళ్ళున్నయ్. పడుకోవచ్చా?"

"పొద్దున చువ్వేసి చూశాలే. చల్లగా ఉన్నయ్. పడుకో పో."

"నువ్వు చెప్పినాక ఇంకేముంది," అని తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళాడు. గాలికి దుమ్ము రాకుండా తలుపు దగ్గరగా వేసుకోవడం ఫాతిమా, నేను అరుగు మీద నుంచి చూశాం. అచ్చంగాయలు ఆడుతున్నాం. ఫాతిమా గెలుస్తోంది.

పని గంట కొట్టారు. మామ రాలేదు. "మీ నాన్నని లేపమ్మా," అని ఎవరో అంటే ఫాతిమా తలుపు దగ్గరికి వెళ్ళి పిలిచింది. తలుపు కింద నుంచి పొగ కూడా కాదు, వేడి పాల మీద ఆవిరిలాంటిది వస్తోంది. "నాన్నా, నాన్నా" అని పిలుస్తూనే ఉంది. మా నాన్న మొదట నడుస్తూ వచ్చాడు. ఆ వాసన తగిలిందేమో, పరిగెత్తాడు. లోపల మామ వెల్లకిలా పడుకుని ఉన్నాడు, తల కింద తువ్వాలు మడిచిపెట్టుకుని. ఒంటి మీద ఎక్కడా కాలిన మచ్చ లేదు. నిద్రపోతున్న మనిషి మొహమే. పొగే ఆయన్ని నిద్రలో తీసుకుపోయింది.

హమాలీలు కొక్కేలు వేసి ఆ బేలుని ఆవరణలోకి లాగారు. దాని అవతలి వైపు గోనె నల్లబడి పొగలు కక్కుతోంది. నీళ్ళ బకెట్లు ఎత్తిన వాళ్ళని నాన్న ఆగమన్నాడు. చువ్వ తెచ్చాడు. పొద్దున దించిన కంతలోనే మళ్ళీ దించాడు. అందరం చూస్తున్నాం. కాసేపుంచి లాగి, మణికట్టుకి తాకించుకున్నాడు. మళ్ళీ తాకించుకున్నాడు. "చల్లగానే ఉంది," అన్నాడు. మాలో ఎవరితోనూ కాదు, చువ్వతో అన్నాడు.

తరవాత పట్టీలు కోసి బేలు విప్పితే, లోపల బందికొక్కు తవ్విన కలుగులా వంకర్లు తిరుగుతూ నల్లటి దారి. చువ్వ దిగిన వైపు దూది మల్లెపువ్వంత తెల్లగా ఉంది. నాన్న చువ్వ ఎప్పుడూ ఒకే చోట దిగేది. గోనెపట్టా అంచులు కలిసే చోట, రెండు ఇనుప పట్టీల మధ్య సందులో. ఇంకెక్కడ పొడిచినా గోనె చిరుగుతుంది, చిరిగిన బేలుకి కొనేవాళ్ళు వంక పెడతారు. అందుకని వీలైన చోటే చూసేవాడు. అన్ని సీజన్లలో, అన్ని బేళ్ళలో, ఆ ఒక్క చోటే చూశాడు. చువ్వ అబద్ధం చెప్పలేదు. అది దిగిన చోటు గురించే అది చెప్పింది. మిగతా బేలంతటి గురించీ చెప్పింది మా నాన్న.

మామని మట్టి చేసిన మర్నాడు అమ్మ పొయ్యి వెలిగించి, మూకుట్లో నూనె పోసి, గుప్పెడు ఎండుమిరపకాయలు తుంచి వేసింది. ఇల్లంతా ఘాటు కమ్ముకుంది. నేను ఉక్కిరిబిక్కిరై దగ్గుతూ నాన్న ఏమంటాడోనని చూశాను. నాన్న గడప మీద కూర్చుని ఉన్నాడు. వద్దనలేదు. ఆ ముక్కుతో ఇంక ఎవరికీ పని లేదని అమ్మ ఆ తాలింపుతోనే చెప్పిందని ఆయనకి అర్థమైంది. రెండు చేతుల్లో మొహం పెట్టుకుని పెద్దగా ఏడ్చాడు. మా నాన్న ఏడవడం నేను చూడటం అదే మొదలు. ఆ నెలలోనే చువ్వని మిల్లులో వదిలేసి, మమ్మల్ని తీసుకుని పొన్నూరు వెళ్ళిపోయాడు. అక్కడ బియ్యం మిల్లులో కాపలా పనికి కుదిరాడు. బతికినన్నాళ్ళూ ఏ సంగతి అడిగినా "ఏమో" అనేవాడు. వాన వస్తుందా అంటే ఏమో. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే ఏమో. చిన్నప్పుడు నాకది విసుగు పుట్టించేది.

టీ గ్లాసు కింద పెట్టి ఫాతిమా చువ్వ వైపు చూసింది. "మీ నాన్నని నేనెప్పుడూ తప్పు పట్టలేదే లిల్లీ. మా అమ్మ కూడా తిట్టలేదు. కానీ పోయేదాకా ఒక్కటే అనేది. ఆ పూట మీ నాన్న 'తెలవదు మస్తానూ' అంటే ఏం పోయేది, మా నాన్న పోయి అరుగు మీద పడుకునేవాడు గదా, అని." ఆ మాట అని నిమ్మకాయలు తీసి గిన్నెలో పోసింది.

మా రంగంలో కొత్తగా చేరిన వాళ్ళందరికీ రెండు ప్రమాదాల గురించి చెబుతాం. రెండూ అమెరికా వాళ్ళ నౌకలే. ఒకదాంట్లో చలికి రబ్బరు వలయం బిగుసుకుపోయి మంటని ఆపలేకపోయింది. రెండోదాంట్లో ట్యాంకు మీద నుంచి ఊడిన నురుగు ముక్క రెక్కకి తగిలి కంత పెట్టింది. రెండు నౌకల్లోనూ ఎక్కినవాళ్ళెవరూ బతకలేదు. వలయాలు కాలడం అంతకు ముందు ప్రయాణాల్లోనూ చూశారు. నురుగు ఊడటం కూడా చూశారు. అప్పుడేమీ కాలేదు కాబట్టి ఇప్పుడూ కాదనుకున్నారు. ఆ పాఠం మొదటిసారి విన్నప్పుడు పక్కవాళ్ళు నోట్సు రాసుకుంటుంటే, నాకు గోడౌను తలుపు కింద నుంచి వచ్చిన ఆవిరి కనిపించింది. వాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. మా నాన్న కూడా కాదు. ఎగరొద్దు అన్నవాణ్ణి ప్రమాదమని రుజువు చెయ్యమన్నారు, ఎగరాలన్నవాణ్ణి క్షేమమని రుజువు చెయ్యమనలేదు. యజమాని మా గడపలో నిలబడి అన్న ఆ 'మరి' లాంటిదే ఇదీ.

సమీక్షలో ఒక యువ ఇంజనీరు తెర మీద బొమ్మలు చూపిస్తున్నాడు. చురుకైన పిల్లాడు. ఒక కవాటం దగ్గర ఉష్ణోగ్రత ఎన్ని పరీక్షల్లో ఎలా వచ్చిందో గీతలు గీసి చూపించాడు. గీతలన్నీ బుద్ధిమంతుల్లా ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. "అంతా నామినల్ మేడం," అన్నాడు. మా భాషలో అంతా ఉండాల్సినట్టే ఉందని అర్థం. మా మిల్లు భాషలో చల్లగా ఉందని.

"సెన్సారు ఎక్కడ పెట్టారు?" అని అడిగాను.

చూపించాడు.

"అక్కడే ఎందుకు పెట్టారు?"

అతను ఒకసారి బొమ్మ వైపు చూశాడు, ఒకసారి వాళ్ళ పెద్దాయన వైపు చూశాడు. "అక్కడ బిగించడానికి వీలుంటుంది మేడం."

"అవతలి వైపు?"

"అవతల... చెయ్యి పట్టదు మేడం."

అధ్యక్షుడు, పెద్దమనిషి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఇన్ని పరీక్షలు చేశాం కదండీ, ఎప్పుడూ ఏమీ కాలేదు," అన్నాడు. ఆయన కూడా చెడ్డవాడు కాదు. అవతలి వైపు చూసేదాకా నేను సంతకం పెట్టనన్నాను. ఎవరో నిట్టూర్చారు. టీ తాగి వచ్చి మాట్లాడుకుందామని లేచారు. వాళ్ళు లేచిన తీరులోనే నాకు తెలిసిపోయింది. తిరిగి వచ్చి కూర్చున్నాక ఒక కారణం చెబుతారు. అది న్యాయమైన కారణమే అయి ఉంటుంది. ఆ గదిలో చేతులన్నీ అటు లేస్తే నా ఒక్క చెయ్యి ఎంతసేపు ఆపుతుంది?

వరండాలో ఆ నౌకలో వెళ్ళబోయే వాళ్ళలో ఒకతను ఎదురొచ్చాడు. ముప్పై దాటి ఉంటాయి, ఉత్తరాది కుర్రాడు. రాకెట్టు కొసన వాళ్ళు కూర్చోరు. కుర్చీల్లో వెల్లకిలా పడుకుంటారు, మొహం ఆకాశం వైపు పెట్టి. అలా పడుకోవడం వాళ్ళకి నేర్పేటప్పుడు నేను చూశాను, చూడలేక బయటికి వచ్చేశాను. నన్ను చూసి నమస్కారం పెట్టి, ఇంగ్లీషులో నవ్వుతూ అడిగాడు. "ఏం మేడం, చూశారా? మేం ఎక్కొచ్చా?"

"నాకు తెలియదు బాబూ," అన్నాను.

అలాంటి జవాబు అతనికి ఎవరూ ఇచ్చి ఉండరు. నవ్వు ఆగిపోయింది. ఏదో అడగబోయాడు. అంతలో లోపలి నుంచి నన్ను పిలిచారు. వెళ్ళబోతూ వెళ్ళబోతూ నేను వెనక్కి తిరిగి, అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"తెలిసేదాకా అక్కడ పడుకోవద్దు మామా," అన్నాను, తెలుగులో.

అతనికి తెలుగు రాదు. మర్యాదగా తల ఊపాడు.